నేలమీది నావికులు

శ్రీహరికోట నుండి రాకెట్టు లేచు దినమున సూళ్లూరుపేట వీథులలోను, మేడలపైనను జనులు గుమిగూడి తూర్పు దిక్కు చూచుచుందురు. నిప్పుల తోకతో నొక వెలుగు పైకి పోవును. ఉరుము వంటి ధ్వని కొంత ఆలస్యముగా వచ్చి చెవుల బడును. కొన్ని నిమిషములలో చూడవలసినది ముగియును. జనులు ఇండ్లకు మరలుదురు. ఆ వెలుగు కంటికి కనబడక పోయిన తరువాత దానిని కనిపెట్టి యుండువారు వేరే కలరు. వారు ఆకాశము వంక చూడరు. నాలుగు గోడల నడుమ, బల్లల యెదుట కూర్చుండి అంకెలను చూచుచుందురు.

గగారిన్, ఆర్మ్‌స్ట్రాంగ్, రాకేశ్ శర్మ, కల్పనా చావ్లా - ఈ పేర్లు వినని విద్యార్థి అరుదు. క్రిస్ క్రాఫ్ట్, స్టీవ్ బేల్స్, జాన్ ఏరన్ అను పేర్లు విన్నవారు మనలో ఎందరు? ఈ మరపు న్యాయము కాదని నా అభిప్రాయము. పేర్ల మాట అటుంచినను, ఆ గదులలో క్రమముగా పెరిగిన యొక అలవాటు మాత్రము మనము తప్పక తెలిసికొనదగినది. అది రాకెట్టు కంటెను విలువైనదని నేను నమ్ముదును. ఆ అలవాటు ఎట్టిదో తెలియవలెనన్న, ముందు ఆ గది ఎట్లు పుట్టినదో చెప్పవలయును.

క్రొత్త విమానమును పరీక్షించునపుడు దానిని నడుపువాడే సర్వాధికారి. నేలమీది ఇంజనీరు రేడియోలో అతని మాటలు విని వ్రాసికొనును. వలసినచో నొక సలహా చెప్పును. అమెరికాలో క్రిస్ క్రాఫ్ట్ అట్టి విమాన పరీక్షలలో పనిచేసిన ఇంజనీరు. 1958లో మనుష్యుని అంతరిక్షమునకు పంపు ప్రయత్నము మొదలైనపుడు, ఆ ప్రయాణము ఏ విధముగా జరుగవలెనో ఆలోచించు పని అతనికి అప్పగింపబడెను. ఆలోచించిన కొలదియు అతనికొక సంగతి స్పష్టమయ్యెను. అంతరిక్షనౌక గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగముతో పోవును. గంటన్నరలో భూమిని ఒకమారు చుట్టివచ్చును. అందలి గాలి, విద్యుత్తు, ఇంధనము, మార్గము, యాత్రికుని గుండె కొట్టుకొనుట - వీనినన్నిటిని లోపల గూర్చున్న యొక్క మనిషి కనిపెట్టుట అసాధ్యము. కావున ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క నిపుణుడు నేలపై నుండవలయును. వారందరు ఒక్క గదిలో కూర్చుండవలయును. వారి మాటలు విని తుది నిర్ణయము చేయు నాయకుడు ఒక్కడే యుండవలయును. ఆ నాయకునికి ఫ్లైట్ డైరెక్టరు అని పేరు. ఆ పదవిని మొదట వహించినవాడు క్రాఫ్టే.

అట్టి గది ఫ్లారిడా రాష్ట్రమున కేప్ కెనావరల్ వద్ద ఏర్పడెను. 1961 మే 5వ తేదీన ఆలన్ షెపర్డ్ చేసిన పదునైదు నిమిషముల యాత్రను అక్కడనుండియే నడపిరి. భూమిని చుట్టుటకు పూనుకొన్నప్పుడు క్రొత్త చిక్కు కలిగెను. భూమి గుండ్రన, రేడియో తరంగములు సూటిగా పోవును. ఒక చోట నున్న కేంద్రమునకు నౌక కొలది నిమిషములు మాత్రమే అందుబాటులో నుండి, పిమ్మట దిగంతమును దాటి పోవును. అందుచే నైజీరియాలోని కానోలో, జాంజిబార్ దీవిలో, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ముచియాలో, సముద్రముపై నిలిపిన ఓడలలో - ఇట్లు పదునెనిమిది చోట్ల కేంద్రములు నెలకొల్పిరి. ఒక్కొక్క చోట కొందరు యువకులు కూర్చుండి, నౌక తలపైనుండి పోవు కొద్ది నిమిషములలో దాని క్షేమము కనుగొని, టెలిప్రింటరు మీద కేప్ కెనావరల్‌కు వార్త పంపుచుండిరి. చేతిలోని ఫోనుతో ఖండాంతరములందలి బంధువులను ముఖాముఖి పలుకరించు నేటి బాలురకు ఆ కష్టము ఊహకందుట సులభము కాదు.

1962 ఫిబ్రవరి 20వ తేదీన జాన్ గ్లెన్ ఆ విధముగా మూడుమార్లు భూమిని చుట్టి వచ్చెను. రెండవ చుట్టులో నియంత్రణ గదిలో నొక భయంకరమైన సంకేతము కనబడెను. నౌక అడుగున వేడినుండి కాపాడు కవచము సడలినదని దాని యర్థము. అది నిజమైనచో నౌక వాతావరణమున ప్రవేశించునపుడు గ్లెన్ బూడిద యగుట నిశ్చయము. కవచము చెక్కుచెదరలేదనియు, సంకేతమే తప్పనియు క్రాఫ్ట్ మఱియు అతని సహచరులు తలచిరి. పై యధికారులు అంత సాహసము చేయలేకపోయిరి. వేగమును తగ్గించుటకు కవచముపై పట్టీలతో బిగించిన చిన్న రాకెట్టుల మూటను వాడిన తరువాత విడువక అట్లే యుంచినచో, ఆ పట్టీలు కవచమును పట్టి యుంచునని వారు నిర్ణయించిరి. గ్లెన్ క్షేమముగా సముద్రమున దిగెను. పిమ్మట పరీక్షించి చూడగా కవచము గట్టిగనే యున్నది. తప్పుడు సంకేతమునకు ఒక చిన్న స్విచ్చి లోపమే కారణము. బల్లల యొద్ద నున్నవారి మాటయే నిజమాయెను.

ఇందు మరియొక సంగతి కలదు. అపాయము మాట చాలసేపటి వరకు గ్లెన్‌తో సూటిగా చెప్పలేదు. ఆ మీట ఎట్లున్నది, ఏదేని చప్పుడు వినబడినదా యని కేంద్రములవారు చుట్టు తిప్పి ప్రశ్నించిరి. ప్రాణము పణముగా నుంచినవానికి నిజము చెప్పకుండుట అతనికి నచ్చలేదు. ఆ మాట తరువాత స్పష్టముగనే చెప్పెను. క్రాఫ్ట్ కూడ ఆ దినమున నొక నిశ్చయమునకు వచ్చెను. నౌకను క్షణక్షణము కనిపెట్టుచున్నవారి నిర్ణయమును, దూరముననుండు అధికారులు ఇక ముందు తేలికగా త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఆకాశమున నౌక యున్నంతసేపు ఫ్లైట్ డైరెక్టరు మాటయే తుదిమాట యను నియమము క్రమముగా దృఢపడెను.

రష్యనుల పద్ధతి కొంత వేరుగా నుండెను. నేలమీదివారిని, యంత్రములను వారు మరింత నమ్మిరి. 1961 ఏప్రిల్ 12వ తేదీన గగారిన్ ప్రయాణము చేసినపుడు నౌకను చేతితో నడుపు మీటలకు తాళము వేసి, దానిని తెరచు మూడంకెల సంఖ్యను ఒక కవరులో నుంచి అంటించిరి. బరువు తెలియని స్థితిలో మనిషికి మతి చలించునేమో యని వైద్యుల భయము. తమాషా యేమనగా, ఆ రహస్యసంఖ్యను తోటివారు గగారిన్‌కు ముందుగానే చెప్పి యుండిరి! లోకమంతటను కేంద్రములు నెలకొల్పుటకు వీలులేక సోవియట్ దేశమువారు సముద్రములపై ప్రత్యేకమైన ఓడలను నడపిరి. క్రిమియాలోని యెవ్‌పటోరియా చిరకాలము వారి నియంత్రణ కేంద్రముగా నుండెను. 1975లో అమెరికా నౌకయు, సోవియట్ నౌకయు ఆకాశమున కలిసికొన్నపుడు మాస్కో సమీపమున కాలినిన్‌గ్రాడ్ పట్టణమందలి క్రొత్త కేంద్రము పని చేసెను. ఆ పట్టణమునకు ఇప్పుడు కొరొల్యోవ్ అని పేరు.

అమెరికాలో 1965 జూన్ నెలనుండి ఈ పని టెక్సాస్ రాష్ట్రమందలి హూస్టన్ నగరమునకు మారెను. యాత్రలు గంటలనుండి దినములకు పెరిగినవి గనుక, మూడు జట్లవారు వంతులవారీగా రేయింబవళ్లు కూర్చుండిరి. వారిలో పెక్కుమంది ముప్పది యేండ్లు నిండనివారు. ఆ విద్య ఏ కళాశాలలోను లేదు. నేర్పుటకు గురువులు లేరు. వారే చేసి, వారే నేర్చి, వారే వ్రాసికొనిరి. ఏ యంత్రము చెడినచో ఏమి చేయవలెనో, ఏ స్థితిలో యాత్ర మానివేయవలెనో, మనస్సు నెమ్మదిగా నున్నప్పుడే చర్చించి నియమముల గ్రంథముగా కూర్చిరి. ఆపద వచ్చిన క్షణమున వాదమునకు వ్యవధి యుండదు గదా!

ఆ నియమములు సరియైనవో కావో చూచుటకు ఉత్తుత్తి యాత్రలు జరిపెడివారు. గదిలోనివారికి తెలియకుండ, పరీక్షకులు కల్పిత ప్రమాదములను సృష్టించెడివారు. 1969 జూలై నెల మొదట, చంద్రునిపై దిగుటకు కొలది దినములు మాత్రమే యుండగా, అట్టి యభ్యాసమొకటి జరిగెను. నౌకలోని కంప్యూటరు ఎన్నడును వినని హెచ్చరిక సంఖ్య నొకదానిని చూపెను. దాని బాధ్యత వహించిన స్టీవ్ బేల్స్ అను ఇరువదియారేండ్ల యువకుడు భయపడి, దిగుట మానివేయవలసినదని చెప్పెను. దిగుట మానివేసిరి. పిదప పరీక్షకులు అది అనవసరమైన నిర్ణయమని తేల్చి చెప్పిరి. నిండు సభలో కలిగిన పరాభవము వంటిదది. అయినను బేల్స్‌ను ఎవరును తొలగింపలేదు. హెచ్చరిక సంఖ్యలన్నిటిని పరిశీలించి, దేనికి ఏమి చేయవలెనో జాబితా వ్రాయుడని ఫ్లైట్ డైరెక్టరు జీన్ క్రాంజ్ ఆజ్ఞాపించెను. బేల్స్‌కు తోడుగా వెనుక గదిలో కూర్చుండు ఇరువదినాలుగేండ్ల జాక్ గార్మన్ ఆ జాబితాను తన చేతితో వ్రాసి బల్లపై నుంచుకొనెను.

జూలై 20వ తేదీన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుని వైపు దిగుచుండగా కంప్యూటరు నిజముగనే 1202 అను హెచ్చరికను చూపెను. అర్థమేమని ఆర్మ్‌స్ట్రాంగ్ అడిగెను. ఆ కంఠమున తొందర ధ్వనించినది. గార్మన్ జాబితా చూచెను. కంప్యూటరునకు పని యెక్కువై చిన్న పనులను విడిచిపెట్టుచున్నది. ముఖ్యమైన పనులు సాగుచునే యున్నవి. హెచ్చరిక మాటిమాటికి రానంతవరకు భయము లేదు. గార్మన్ బేల్స్‌కు చెప్పెను. బేల్స్ క్రాంజ్‌కు చెప్పెను. క్రాంజ్ అనుమతింపగా ఆ మాట చంద్రుని యొద్దకు పోయెను. ఇదంతయు జరుగుటకు పట్టినది కొన్ని సెకనులు మాత్రమే. ఆ సెకనులలో ఎవరును 'నీ వయస్సెంత? నీ హోదా యేమి?' అని యడుగలేదు. ఇంతవరకు నేను చెప్పదలచిన అలవాటు ఇదియే. ఏ విషయము ఎవనికి బాగుగా తెలియునో ఆ విషయమున వాని మాటయే చెల్లును. తరువాత అమెరికా అధ్యక్షుడు వ్యోమగాములకు పతకములు బహూకరించిన సభలో, నేలమీది బృందము తరపున పురస్కారము అందుకొన్నవాడు ఆ బేల్సే!

అదే సంవత్సరము నవంబరు 14వ తేదీన అపోలో 12 నేల విడిచిన 36 సెకనులకు దానిపై పిడుగు పడెను. మరి కొంతసేపటికి రెండవ పిడుగు. విద్యుత్ వ్యవస్థను చూచుచున్న జాన్ ఏరన్ అను ఇరువదియారేండ్ల యువకుని యెదుట అంకెలన్నియు అర్థములేని రాసులాయెను. సుమారు ఒక సంవత్సరము క్రిందట ఏదో పరీక్ష జరుగుచుండగా అట్టి అంకెల పోకడనే అతడు చూచియుండెను. అది తన తప్పిదము కాకపోయినను, ఊరకుండలేక మరునాడు కారణము వెదకి, ఎవరును వాడని యొక మీట సంగతి తెలిసికొని యుండెను. ఇప్పుడు ఆ మీటను మార్చుడని చెప్పెను. ఆ మీట పేరు ఫ్లైట్ డైరెక్టరు వినలేదు. నౌక నాయకునికి తెలియదు. లోపలి ముగ్గురిలో ఆలన్ బీన్ అనువానికి మాత్రము అది యెచ్చట నున్నదో తెలియును. మీట మార్చగనే అంకెలు యథాస్థితికి వచ్చినవి. నౌక చంద్రునికి పోయి తిరిగి వచ్చినది. అనవసరమని తోచు ప్రశ్నను వదలక వెంబడించినవాని కథ యిది. అపోలో 13 కథ చలనచిత్రముగా వచ్చి లోకమునకు విదితమే గనుక ఇచట విస్తరింపను. ఇద్దరికి రెండు దినములు చాలునట్లు నిర్మించిన చిన్న నౌకలో ముగ్గురిని నాలుగు దినములు బ్రతికించి 1970 ఏప్రిల్ 17న ఇంటికి చేర్చుటకు, ఏ దీపము ఆర్పవలెనో ఏది వెలిగింపవలెనో లెక్క కట్టినవారిలోను ఈ ఏరన్ ప్రముఖుడు.

ఈ అలవాటు ఒకమారు వచ్చినచో శాశ్వతముగా నుండునని అనుకొనరాదు. 2003 జనవరి 16వ తేదీన కొలంబియా నౌక లేచునపుడు పెద్ద తొట్టినుండి నురుగు ముక్క యొకటి ఊడి, ఎడమ రెక్కకు తగిలెను. కొందరు ఇంజనీరులు కలత చెంది, రెక్కకు ఎంత దెబ్బ తగిలినదో తెలియుటకు కక్ష్యలోని నౌకను శక్తివంతమైన సాధనములతో ఛాయాచిత్రములు తీయింపుడని కోరిరి. ఆ కోరిక పైమెట్టు వరకు పోలేదు. పోయిన మేర త్రోసివేయబడెను. చింతింపవలసిన పని లేదని వ్యోమగాములకు వర్తమానము పంపిరి. ఫిబ్రవరి 1వ తేదీన నౌక తిరిగి వచ్చుచు ఆకాశముననే ముక్కలైనది. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా మొదలుగా ఏడుగురు మరణించిరి. విచారణ సంఘము ఆ సంవత్సరమే నివేదిక నిచ్చెను. ఆ సంస్థలోని పని తీరు, ఆ నురుగు ముక్కయంత దోషి యని అందు చెప్పిరి. క్షేమమని నిరూపించుమని అడుగవలసిన చోట, అపాయమున్నదని నిరూపించుమని ఆ ఇంజనీరులను అడిగిరట! నిరూపించుటకు వలసిన ఛాయాచిత్రమునే వారికి నిరాకరించిరి. ఈ వాక్యము చదివినప్పుడెల్ల నాకు మనస్సు కలుక్కుమనును.

చిన్నవారందరు నోరు విప్పినచో పని సాగునా యని కొందరు ప్రశ్నింతురు. ఆ గదిలో అందరు అన్నిటిని గూర్చి మాటాడరు. ముఖ్యమైన ప్రతి ఘట్టమునకు ముందు ఫ్లైట్ డైరెక్టరు ఒక్కొక్కరిని పేరుపేరున అడుగును. వారు 'సాగవచ్చును' అనియో 'ఆగవలెను' అనియో ఒక్క మాటలో చెప్పుదురు. ఎవని బల్ల సంగతి వాడే చెప్పును. అంతకు మించిన క్రమశిక్షణ ఏ సైన్యమునను లేదు. ఇంకొందరు, ఇప్పుడు కంప్యూటరులే అన్నియు చేయుచుండగా మనుష్యులతో పని యేమున్నదని యందురు. దీనికి మన శ్రీహరికోటలో జరిగిన యొక వృత్తాంతమే సమాధానము.

1979 ఆగస్టు 10వ తేదీన మన దేశపు తొలి ఉపగ్రహవాహనము ఎస్.ఎల్.వి. 3 ప్రయోగమునకు అబ్దుల్ కలామ్ గారు నాయకులు. ఇంక కొన్ని సెకనులున్నవనగా కంప్యూటరు లోపము కనిపెట్టి ప్రయోగమును ఆపివేసెను. రెండవ దశను అదుపులో నుంచు వ్యవస్థలో ద్రవము కారుచున్నది. కారినను చాలినంత నిలువ కలదని ప్రక్కనున్న నిపుణులు చెప్పిరి. కలామ్ గారు కంప్యూటరు మాట త్రోసి రాకెట్టును వదలిరి. మొదటి దశ చక్కగా పనిచేసెను. రెండవ దశలో అదుపు తప్పి రాకెట్టు బంగాళాఖాతమున పడెను. ఈ సంగతిని ఆయనయే తరువాతి కాలమున పలుమారు దాపరికము లేక చెప్పిరి. నిపుణులును పొరబడవచ్చును, యంత్రమైనను, మనిషియైనను, 'ఆగుడు' అను మాటను త్రోయుటకు ముందు అది తప్పని నిరూపింపవలయును. ఆ దినమున పత్రికలవారి యెదుట కూర్చున్నది కలామ్ గారు కారు. సంస్థ అధ్యక్షులు సతీశ్ ధావన్ గారు వైఫల్యమును తమపై వేసికొని, తమవారు సంవత్సరములోపల సాధింతురని పలికిరి. 1980 జూలై 18న రాకెట్టు విజయవంతమైనప్పుడు, పోయి పత్రికలవారితో మాటాడుమని కలామ్ గారినే పంపిరి. నేడు ఆ కేంద్రమునకు ధావన్ గారి పేరే యున్నది. ఆ పేరు పెట్టుటకు ఈ యొక్క కారణమే చాలునని నా తలంపు.

నలుబది యేండ్లు గడచెను. 2019 జూలై 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషములకు చంద్రయాన్ 2 లేవవలసి యుండెను. రాష్ట్రపతి స్వయముగా శ్రీహరికోటకు విచ్చేసిరి. దేశమంతయు మేలుకొని యున్నది. సమయమింకను 56 నిమిషముల 24 సెకనులు మిగిలియుండగా లెక్క ఆగిపోయెను. వాహనములో లోపము కనబడినదని ప్రకటించిరి. రాష్ట్రపతి ఎదుట నున్నారని గాని, జనులు ఏమనుకొందురో యని గాని ఎవరును సందేహింపలేదు. లోపమును సరిచేసి, వారము తిరుగగనే, జూలై 22వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 43 నిమిషములకు దానిని వదలిరి. చంద్రునిపై దిగవలసిన నౌక సెప్టెంబరు 7న చివరి ఘట్టమున పాడైనది. బెంగుళూరు కేంద్రములో ఆ రాత్రి అంకెలు నిలిచిపోయిన తెరలను చూచి కన్నీరు పెట్టినవారే, కారణములు వెదకి, 2023 ఆగస్టు 23న చంద్రయాన్ 3ను మెల్లగా దింపిరి.

ఆ సంవత్సరమే అక్టోబరు 21వ తేదీన, మనుష్యులను పంపు గగనయానమునకు సన్నాహముగా, ప్రమాదకాలమున యాత్రికులను తప్పించు సాధనమును శ్రీహరికోటలో పరీక్షించిరి. నౌకలో మనుష్యులెవరును లేరు. లెక్క అయిదు సెకనుల వరకు వచ్చి ఆగెను. ఇంజను మండుటలో ఏదో తేడా యున్నదని కంప్యూటరు ఆపినది. ఈమారు దానిని ఎవరును త్రోసివేయలేదు. రాకెట్టు యొద్దకు పోయి చూచి, కారణము తెలిసికొని, సవరించి, లెక్కను మరల మొదలు పెట్టిరి. ఉదయము పది గంటలకు అది లేచెను.